హెడ్‌లైట్‌లో చెమ్మ: ఎక్కడిదాకా సహజం, ఎక్కడినుంచి లోపం?

నవంబర్ మధ్యలో హైదరాబాద్‌లో సాయంత్రం 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. అదే రోజు అండమాన్‌లోని శ్రీ విజయపురంలో, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన ఊళ్లో, 4 గంటల 50 నిమిషాలకే సూర్యుడు అస్తమిస్తాడు. రెండుచోట్లా గడియారం ఒకటే. కానీ దీవులు హైదరాబాద్‌కు 14 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉన్నాయి. పైగా అది ఈశాన్య రుతుపవనాల కాలం. ఆఫీసుల నుంచి ఇళ్లకు బయలుదేరేసరికి చీకటి, వాన రెండూ కలిసి వస్తాయి. ఎత్తుపల్లాల ఇరుకు రోడ్ల మీద హెడ్‌లైట్ లేకుండా ముందుకు సాగలేరు.

శ్రీ విజయపురం పక్కనే ఉన్న ఆస్టినాబాద్ లాంటి చోట కారు ఉన్నవాళ్లకు ఈ కాలంలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు హెడ్‌లైట్ అద్దం, తెల్లారేసరికి లోపలివైపు మసకబారి ఉంటుంది. పైనుంచి గుడ్డతో ఎంత తుడిచినా పోదు. కొన్నిసార్లు మధ్యాహ్నానికి అదే మాయమవుతుంది. కొన్నిసార్లు రోజులు గడిచినా పోదు సరికదా, బొట్లు జారి అడుగున చేరతాయి. కొత్తది వేయిద్దామంటే విడిభాగం చెన్నై నుంచో, విశాఖపట్నం నుంచో, కోల్‌కతా నుంచో దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. ఈ రోజుల్లో హెడ్‌లైట్‌లో అద్దం ఒక్కటే విడిగా దొరకడం అరుదు. మొత్తం డూమ్‌నే కొనాలి. కాబట్టి, ఆ చెమ్మ లోపమా, వాతావరణం చేసిన పనా అన్నది డబ్బు ఖర్చు పెట్టే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

గాలి ఆడే పెట్టె

హెడ్‌లైట్ అంటే గాలి చొరబడకుండా మూసిన పెట్టె అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అలాంటివీ ఉండేవి. అమెరికాలో 1940 నుంచి కొన్ని దశాబ్దాల పాటు సీల్డ్ బీమ్ దీపాలనే వాడారు. అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ కలిపి పెద్ద బల్బులా ఒకటే ముక్కగా వచ్చేవి. వాటిలోకి తేమ వెళ్లే దారే లేదు. ఫిలమెంట్ కాలిపోతే మాత్రం మొత్తం మార్చాల్సిందే. బల్బును విడిగా మార్చుకునే హెడ్‌లైట్లను అక్కడ 1983లో అనుమతించారు. ఇప్పటి కార్లలో ఉన్నవి ఆ కోవవే: ముందు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అద్దం, వెనక ప్లాస్టిక్ డొప్ప, మధ్యలో బల్బు, చుట్టూ గాలి.

ఆ గాలిని పూర్తిగా బంధిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. దీపం వెలిగి లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిందనుకుందాం. అంతలో వాన పడి 27 డిగ్రీలకు చల్లారింది. వాయువుల ధర్మం ప్రకారం, పరిమాణం మారని పెట్టెలో పీడనం కెల్విన్ ఉష్ణోగ్రతతో పాటు తగ్గుతుంది. 333 కెల్విన్ నుంచి 300 కెల్విన్‌కు, అంటే సుమారు 10 శాతం. ఇది చూడ్డానికి చిన్న అంకెలా ఉంటుంది. కానీ వాతావరణ పీడనంలో 10 శాతమంటే ఒక మీటరు ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడి. 800 చదరపు సెంటీమీటర్ల అద్దం మీద అది 80 కిలోల బరువుతో సమానం. రోజూ ఇలా నొక్కుతూ, వదులుతూ ఉంటే ఏ జిగురైనా ఎక్కడో ఒకచోట వదులుతుంది. అలా వెంట్రుకంత సందు ఏర్పడితే చాలు, దాని మీద నిలిచిన వాన నీటిని పెట్టె స్ట్రాతో పీల్చినట్టు లోపలికి లాక్కుంటుంది.

అందుకే తయారీదారులు హెడ్‌లైట్‌కు కావాలనే ఊపిరి దారులు పెడతారు. కొన్నింటిలో ఇవి కిందికి వంగిన చిన్న రబ్బరు గొట్టాలు. మరికొన్నింటిలో రూపాయి బిళ్ల కన్నా చిన్న తెల్లటి పొరలు. ఈ పొర ఎక్కువగా సాగదీసిన పీటీఎఫ్‌ఈ, అంటే నాన్‌స్టిక్ పెనం మీద పూసే పదార్థం తాలూకు జాలి. దాని రంధ్రాలు మైక్రాన్‌లో భిన్నమంత. ఆవిరి అణువులు వాటిలోంచి సులువుగా వెళ్తాయి. నీటి బొట్టు మాత్రం తలతన్యత వల్ల పీటీఎఫ్‌ఈకి అంటుకోకుండా పైనే ఆగిపోతుంది. వాన చొక్కాల్లో వాడే గోర్‌టెక్స్ పొరదీ ఇదే సూత్రం. అమెరికాకు చెందిన బాబ్ గోర్ 1969లో పీటీఎఫ్‌ఈ కడ్డీని నెమ్మదిగా కాకుండా ఒక్క ఉదుటున లాగి చూసినప్పుడు ఈ పదార్థం పుట్టింది.

8 లీటర్ల హెడ్‌లైట్ ఒకసారి వేడెక్కి చల్లారితే సుమారు 0.8 లీటర్ల గాలి బయటికి వెళ్లి, తిరిగి లోపలికి వస్తుంది. దానితో పాటు బయటి తేమ కూడా వస్తుంది. హెడ్‌లైట్‌లోకి తేమ వెళ్లడం, ఆ లెక్కన, రోజూ జరిగే పనే. వెళ్లిన తేమ తిరిగి బయటికి రాలేకపోయినప్పుడే అసలు లోపం మొదలవుతుంది.

నాలుగు డిగ్రీలు చాలు

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములను నిలుపుకుంటుంది. చల్లబడే కొద్దీ ఈ సామర్థ్యం తగ్గుతుంది. ఒక దశలో మిగులు ఆవిరి నీరుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతే తుషార బిందువు.

ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే దక్షిణ అండమాన్‌లో గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉండటం మామూలే. అలాంటి గాలికి తుషార బిందువు సుమారు 26 డిగ్రీలు. అద్దం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, మసక మొదలవుతుంది. మబ్బులేని రాత్రి ఆకాశం వైపు తిరిగి ఉన్న అద్దం, తన వేడిని పరారుణ కిరణాలుగా కోల్పోయి, చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా మారడం సహజం. అదే అనంతపురంలో ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలికి తుషార బిందువు 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ హెడ్‌లైట్ మసకబారాలంటే అద్దం 27 డిగ్రీలు చల్లారాలి. ఒకే మోడల్ కారు అనంతపురంలో నిష్కళంకంగా, ఆస్టినాబాద్‌లో మసకగా కనిపిస్తే దానికి కంపెనీని నిందించలేం.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. పాలీకార్బొనేట్ కూడా నీటిని పీల్చుకుంటుంది. నీళ్లలో పూర్తిగా నానిస్తే తన బరువులో సుమారు 0.3 శాతం దాకా. 8 లీటర్ల హెడ్‌లైట్‌లోని గాలిలో, ముందు చెప్పిన వాతావరణంలో, ఉండే ఆవిరి మొత్తం 0.2 గ్రాములు. అంటే నాలుగు బొట్లు. అరకిలో బరువుండే ప్లాస్టిక్ మాత్రం వానాకాలంలో ఒక గ్రాము దాకా నీటిని తనలో దాచుకోగలదు. దీపం వెలిగి లోపల వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరిగా బయటపడి, ఇంకా చల్లగా ఉన్న అద్దపు మూలకు చేరి మసక పడుతుంది. లైట్ వేశాక మసక పెరగడం చూసి కంగారుపడేవాళ్లకు కారణం తరచూ ఇదే.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్లలో ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. హాలోజన్ బల్బు తీసుకునే విద్యుత్తులో పదో వంతు కూడా వెలుగుగా మారదు. మిగతాదంతా వేడే. అందులో పెద్ద భాగం పరారుణ కిరణాలుగా ముందుకు వచ్చి అద్దాన్ని ఆరబెడుతుంది. కరెంటు పరంగా అది వృథా. చెమ్మ విషయంలో మాత్రం ఆ వృథాయే కాపాడుతుంది. ఎల్‌ఈడీలో పుట్టే వేడి వెనక ఉన్న లోహపు రెక్కల వైపు పోతుంది. అద్దం చల్లగానే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ వేడిగాలిని ముందుకు పంపడానికి లోపల చిన్న ఫ్యాన్ పెడుతున్నాయి.

ముందు జంటను చూడాలి

పరీక్ష దగ్గరికి వస్తే, ప్రతి కారుతోనూ ఒక మంచి ప్రయోగశాల ఉచితంగా వస్తుంది. అది రెండో హెడ్‌లైట్. వయసు, వాతావరణం, వాడకం రెండింటికీ ఒకటే. రెండూ ఒకేలా పలుచగా మసకబారితే అది వాతావరణం. ఒకటి శుభ్రంగా ఉండి రెండోది మాత్రమే చెమ్మగిల్లితే, ఆ ఒక్కదానిలో ఏదో తేడా ఉంది.

రెండో ఆధారం నీటి పరిమాణం. లోపలి గాలిలో ఉండేది నాలుగు బొట్లేనని చూశాం. అడుగున ఒక టీస్పూను నీళ్లు, అంటే 5 గ్రాములు, నిలిచాయంటే అది ఆవిరి రూపంలో రాలేదు. లోపలి గాలి మొత్తం పాతికసార్లు మారి, ప్రతిసారీ చివరి అణువు దాకా నీరైతే తప్ప అంత పోగుపడదు. అది ఎక్కడో సందులోంచి నీటి రూపంలోనే వచ్చింది. ఆ సందును వెతకాల్సిందే.

నీళ్లు నిలవకుండా మసక మాత్రమే ఉంటే, ఉదయం దాని హద్దు కనిపించేలా ఫొటో తీసి, ఇంజిన్ నడుస్తుండగా లో బీమ్ వేసి అరగంట కారు నడపాలి. హాలోజన్ దీపమైతే వేడి తగిలే మధ్య భాగం నుంచి మసక విడిపోతూ అంచుల వైపు జరగాలి. అంచున కొద్దిగా మిగిలినా ఫర్వాలేదు. ఎల్‌ఈడీకి ఎక్కువ సమయం ఇవ్వాలి. ముసురు పట్టిన రోజున ఈ పరీక్ష చేసి లోపం ఉందని తేల్చేయడం తొందరపాటు. బయటి గాలే తడితో నిండి ఉన్నప్పుడు లోపలి తడి వెళ్లడానికి చోటుండదు. రెండు రోజులు ఎండ కాశాక కూడా ఫొటోలో ఉన్న హద్దు కదలకపోతే అప్పుడు అనుమానించాలి.

దీన్ని కేవలం అందం విషయమని వదిలేయలేం. ఇప్పటి హెడ్‌లైట్లలో వెలుగును మలిచే పని రిఫ్లెక్టర్‌దో, లోపలి గుండ్రటి కటకానిదో. ముందున్న అద్దం కేవలం మూత. లో బీమ్‌లో వెలుగు ఒక గీతకు పైన పోకుండా, ఎదుటి డ్రైవర్ కళ్లలో పడకుండా ఆ మలుపు జాగ్రత్తగా కుదిర్చి ఉంటుంది. అద్దం మీది ప్రతి నీటి కణమూ ఒక బుల్లి కటకమై ఆ వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది. కారు నడిపేవారికి దారి మసకబారుతుంది, ఎదురుగా వచ్చేవారికి కళ్లు జిగేల్మంటాయి. వాన కురిసే ఇరుకు రోడ్డు మలుపులో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఎక్కడ వెతకాలి

మొదట చూడాల్సింది హెడ్‌లైట్ వెనక్కి. బల్బు మార్చిన తర్వాత వెనకున్న రబ్బరు టోపీని సరిగా కూర్చోబెట్టకపోవడం అన్నింటికన్నా మామూలు కారణం. దాని అంచు ఒకచోట మడతపడినా చాలు. హాలోజన్ బల్బు తీసేసి, బజారులో దొరికే ఫ్యాన్ ఉన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టినచోట ఇంకో తంటా. ఆ బల్బు తోక పొడవు. టోపీ పట్టదు. దాంతో టోపీకి కంత కోస్తారు, లేదా పూర్తిగా తీసేస్తారు. అద్దాన్ని వేడిచేసే పరారుణ కిరణాలు ఎటూ తగ్గాయి, పైగా వెనక తలుపు తెరిచి పెట్టినట్టయింది.

తర్వాత ఊపిరి దారులు. గొట్టం చివర బురద గట్టిపడి ఉండొచ్చు, సాలీడు గూడు కట్టి ఉండొచ్చు. మట్టితో గూళ్లు కట్టే కుమ్మరి పురుగుకు ఇలాంటి సన్నటి గొట్టాలంటే మహా ఇష్టం. గొట్టాన్ని తీసి శుభ్రం చేయొచ్చు. తెల్లటి పొరను మాత్రం పిన్నుతో పొడవకూడదు, సబ్బు పెట్టకూడదు. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది. అప్పటిదాకా పైనే ఆగిన బొట్టు రంధ్రంలోకి దిగుతుంది. పొర పాడైతే పొరనే మార్చాలి.

ఈ రెండూ బాగానే ఉంటే మిగిలేది అద్దానికీ డొప్పకూ మధ్య ఉన్న అతుకు, లేదా కంటికి కనిపించని పగులు. దీన్ని పట్టుకోవడానికి సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికే పద్ధతే పనికొస్తుంది. హెడ్‌లైట్‌ను ఊడదీసి, వెనక టోపీ బిగించి, ఊపిరి దారుల్లో ఒకటి తప్ప అన్నీ టేపుతో మూసి, మిగిలిన దాని గుండా సన్న గొట్టంతో నోటితో ఊదాలి. ఇంకొకరు అతుకు వెంట సబ్బు నురగ రాస్తే, సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ గాలి వాడితే అంతవరకూ బాగున్న అతుకు కూడా విడిపోతుంది.

సందు దొరికితే దాన్ని మాత్రమే మూయాలి. చాలా హెడ్‌లైట్లలో అతుకుకు వాడేది బ్యుటైల్ అనే నల్లటి బంక. వేడికి మెత్తబడుతుంది కాబట్టి తెలిసిన మెకానిక్ దాన్ని సాగదీసి మళ్లీ అతికించగలడు. గట్టి జిగురుతో శాశ్వతంగా అతికించిన కొత్త రకాలను తెరవబోతే పగులుతాయి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పేస్టును దగ్గరికి రానీయకూడదు. అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది. లోపలి అల్యూమినియం పూతకు, రాగి కనెక్టర్లకు అది హాని చేస్తుంది. ఏదైనా సందుండొచ్చని చుట్టూ సిలికాన్ పూసి, ఊపిరి దారులు కూడా మూసేయడం ఇంకో పొరపాటు. ఆ పెట్టె ఒక మీటరు నీటి ఒత్తిడి లెక్క దగ్గరికి తిరిగి వెళ్లిపోయినట్టే. నీళ్లు దిగిపోతాయని అడుగున డ్రిల్‌తో కంత పెట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్లు దిగుతాయి, నిజమే. టైరు చిమ్మిన బురద నీళ్లు అదే కంతలోంచి ఎక్కుతాయి.

ఏ పని చేసినా లైట్ ఆపి, బల్బు చల్లారాకే చేయాలి. జెనాన్ దీపాలున్న కార్లలో వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పకూడదు.

ఉప్పు చేసే పని

అండమాన్ తీరంలో మరో పాత్రధారి ఉంది. అలలు విరిగినప్పుడు లేచే సూక్ష్మ కణాలు గాలిలో తేలుతూ వచ్చి ఉప్పు ధూళిగా మిగులుతాయి. సందుల్లోంచి అవి హెడ్‌లైట్‌లోకి చేరితే కథ మారిపోతుంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆవిరిని పీల్చుకుని తనంతట తానే కరిగిపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలో కనిపించేది ఇదే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే కరుగుతుంది. అంటే లోపల ఉప్పు ఉన్న హెడ్‌లైట్‌లో, అద్దం తుషార బిందువుకు చల్లారకపోయినా తడి నిలుస్తుంది. ఆరబెట్టిన మర్నాడే మళ్లీ చెమ్మగిల్లే హెడ్‌లైట్‌లో, అద్దం మీద ఎండిన బొట్ల చుట్టూ తెల్లటి వలయాలు కనిపిస్తే ఉప్పును అనుమానించాలి.

ఆ ఉప్పు నీరు రిఫ్లెక్టర్‌ను చేరితే తిరుగు లేదు. దాని మీది అల్యూమినియం పూత ఎంత పలుచనంటే, వెంట్రుకను ఐదారు వందల పొరలుగా చీలిస్తే వచ్చే ఒక పొరంత. అది నల్లబడటం మొదలైతే ఏ ఆరబెట్టడమూ దాన్ని తిరిగి తీసుకురాదు. అప్పుడు ఓడలో రావాల్సిన కొత్త హెడ్‌లైట్ కోసం ఎదురుచూడటమే మార్గం.

ఆరబెట్టడంలో మెలిక

టోపీ తీసి ఎండలో పెట్టమనే సలహా అనంతపురంలో సరిపోతుంది. ఆస్టినాబాద్‌లో, నీడలో తెరిచి పెడితే లోపలికి వెళ్లేదీ అదే 80 శాతం తేమ ఉన్న గాలి. ఇక్కడ పని చేసేది వేడి. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే, ఒక్క గ్రాము నీరు తీయకుండానే, దాని సాపేక్ష ఆర్ద్రత 27 శాతానికి పడిపోతుంది. అంటే అది మళ్లీ దాహంతో ఉన్న గాలి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, దూరం నుంచి వెనక రంధ్రంలోకి పట్టుకోవడం ఇందుకే పనికొస్తుంది. మెకానిక్ షెడ్డులోని కంప్రెసర్‌తో ఊదిస్తే మాత్రం ముందు దాని ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలించాలి. తడిగాలిని నొక్కిపెట్టినచోట నీరు పేరుకుంటుంది. అది వదలకుండా ఊదితే తుంపర్లు కొట్టినట్టే.

ఇంట్లో ఏసీ గది ఉంటే పని ఇంకా సులువు. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గది గాలిలో ఘనపు మీటరుకు 11 లేదా 12 గ్రాముల ఆవిరే ఉంటుంది. బయటి గాలిలో 24 గ్రాములు. ఊడదీసిన హెడ్‌లైట్‌ను టోపీ తెరిచి రెండు రాత్రులు అక్కడ ఉంచితే ప్లాస్టిక్‌లో నానిన నీరు కూడా మెల్లగా బయటికొస్తుంది. టోపీని ఆ గదిలోనే బిగించాలి. బయటికి తేగానే అద్దం పైన మసక పడితే భయపడనక్కర్లేదు. అది ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టే చెమట లాంటిదే.

సిలికా జెల్ పొట్లాలు లోపల వేసే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. 5 గ్రాముల పొట్లం దాదాపు ఒకటిన్నర గ్రాముల నీటిని పట్టుకోగలదు. రోజూ గాలి మార్చుకునే పెట్టెలో అది త్వరగానే నిండుతుంది. నిండాక, దీపం వేడికి పట్టుకున్న నీటిలో కొంత తిరిగి వదులుతుంది. ఆరబెట్టే రెండు రోజులూ వాడి తీసేస్తే మంచిది. వేలు దూరినంత మాత్రాన అద్దం లోపలివైపు గుడ్డతో తుడవడం కూడా వద్దు. చాలా హెడ్‌లైట్లలో అక్కడ మసక పట్టకుండా ఒక రసాయన పూత ఉంటుంది. నీరు బొట్లుగా కాకుండా పలుచటి పొరలా పరుచుకునేలా అది చూస్తుంది. పూత ఒకచోట పోతే, ఇకపై ప్రతి ఉదయం మసక సరిగ్గా అక్కడే పడుతుంది.

హెడ్‌లైట్ తిరిగి బిగించాక, తోటకు నీళ్లు పట్టే గొట్టంతో ముందు నుంచి, పక్కల నుంచి పది నిమిషాలు వాన కురిసినట్టు నీళ్లు పోయాలి. ప్రెషర్ వాషర్ వద్దు. తర్వాత దీపం అరగంట వెలిగించి, వేడిగా ఉండగానే మళ్లీ నీళ్లు పోయాలి. సందు మిగిలి ఉంటే నీటిని లాక్కునేది ఈ రెండో విడతలోనే. ఆపైన మూడు ఉదయాలు రెండు హెడ్‌లైట్లనూ పక్కపక్కన ఫొటో తీసి పోల్చుకోవాలి. రెండూ ఒకేలా మసకబారి, ఒకేలా విడిపోతుంటే చేయాల్సింది ఇంకేమీ లేదు.